తెరేసమ్మ కీక్యాపులు

హనుమయ్యగారి డీటీపీ షాపులో ఎవరు ఏ కుర్చీలోనైనా కూర్చోవచ్చు, ఏ కంప్యూటరైనా ముట్టుకోవచ్చు. తెరేసమ్మ కీబోర్డు జోలికి మాత్రం పోకూడదు. పోయారో, ఆ పూట వాళ్ళ పని అయిపోయినట్టే. ఒకసారి ఎలక్ట్రీషియను ఒకాయన ప్లగ్గు చూడటానికి వచ్చి, అడ్డంగా ఉందని ఆ కీబోర్డుని జానెడు పక్కకి జరిపాడు. "ఏమయ్యా, గోడ అడ్డమొస్తే గోడ కూడా జరుపుతావా? ఎక్కడ తీశావో అక్కడే పెట్టు! అక్కడ కాదు, ఇంకా ఇటు! ఇటంటే అటు పెడతావేంటి?" అని ఆవిడ లేచిన తీరుకి పాపం ఆ మనిషి తన టెస్టరు కూడా వదిలేసి మెట్లు దిగిపోయాడు.

ఇంతా చేసి అదేమన్నా బంగారపుదా అంటే, చూడటానికి దాని మొహం! పాత ఆపిల్ కంపెనీది. విజయవాడకి డీటీపీ అనే మాట కొత్తగా వచ్చిన రోజుల్లో హనుమయ్యగారు మద్రాసు నుంచి కంప్యూటరుతో పాటు తెప్పించినది. ఒకప్పుడు తెల్లగా ఉండేదట. ఇప్పుడు పాత నెయ్యి రంగు. బరువు చూస్తే సన్నికల్లంత. బటన్ల మీద అక్షరాలు ఏనాడో అరిగిపోయి నున్నగా, బోడిగా మిగిలాయి. షాపులో కంప్యూటర్లు మారాయి, స్క్రీన్లు పలచబడ్డాయి, పక్క షాపు రెండుసార్లు చేతులు మారింది. ఆ కీబోర్డు మాత్రం మారలేదు. కొత్త కంప్యూటరు వచ్చినప్పుడల్లా మధ్యలో ఓ చిన్న డబ్బీ తగిలించి, ఆ పాత వైరునే దానికి కలిపేవాళ్ళు. ఆవిడ కొడుతుంటే ఆ చప్పుడు గవర్నర్‌పేట సందులో కిందనున్న టీ బండి దాకా వినపడేది. "తెరేసమ్మగారు పన్లో ఉన్నారు" అనుకునేవాళ్ళు.

తెరేసమ్మది చల్లపల్లి పక్కన ఓ చిన్న పల్లె. తండ్రి ఊరి గుడిలో ఉపదేశి. ఫాదరుగారు రాని ఆదివారాల్లో ప్రార్థన నడిపించేది ఆయనే. పొలం పన్లకి పోవాల్సిన పిల్లని పట్టుబట్టి చల్లపల్లిలో టైపు నేర్పించాడు. తెలుగు టైపు హయ్యరు పరీక్ష పాసయింది. సిటీ బస్సు డ్రైవరు ఇశ్రాయేలుని పెళ్ళాడి పటమట వచ్చింది. మంచివాడు, ఎక్కువ కాలం బతకలేదు. చంకలో చంటిపిల్ల జెస్సికాతో హనుమయ్యగారి షాపు మెట్లెక్కిన మనిషి ఆ తర్వాత వేరే మెట్లు ఎక్కలేదు. కూతుర్ని చదివించింది, ఏలూరులో మంచి సంబంధం చేసింది, తన వాటాకి తనే అద్దె కట్టుకుంటూ, తన చీరలు తనే కొనుక్కుంటూ, ఎవరి నోటా ఒక మాట పడకుండా బతికింది. జెస్సికా ఎప్పుడు ఫోన్ చేసినా "ఇంక చాల్లేమ్మా, వచ్చెయ్" అంటుంది. కూతురు మంచిదే. అల్లుడు ఇంకా మంచివాడు. అయినా సరే, ఒకరింట్లో మూల కూర్చుని "కాఫీ ఎప్పుడిస్తారా" అని చూడాల్సి రావడం అంటే ఆవిడకి పై ప్రాణాలు పైనే పోతాయి.

ఆ షాపులో ఇంకెక్కడా లేని పద్ధతి ఒకటుంది. పెళ్ళి పత్రికైనా, పెద్దకర్మ కార్డైనా, ప్రార్థన కూటాల కరపత్రమైనా, వచ్చినవాళ్ళే పక్కన స్టూలు మీద కూర్చుని తమ మ్యాటరు పైకి చదవాలి. తెరేసమ్మ వింటూ కొడుతుంది. "మీ చుట్టాల పేర్లు మీ నోట వింటేనే నాకు సరిగ్గా పడతాయి" అంటుంది. జనానికి ఇది భలే నచ్చింది. పెళ్ళి పత్రిక చదివేటప్పుడు మేనమామ పేరు ముందుండాలా బాబాయి పేరా అని అక్కడే తగవులాడుకుని, అక్కడే తేల్చుకుని వెళ్ళినవాళ్ళున్నారు. కొట్టిన మ్యాటరు డిజైనరు శ్రీదుర్గకి వెళ్తుంది. పువ్వులూ, వినాయకులూ, సిలువలూ, తప్పొప్పులూ ఆ అమ్మాయి చూసుకుంటుంది.

అసలు సంగతి ఏమిటంటే, తెరేసమ్మకి కళ్ళు కనపడవు.

అంటే పూర్తిగా కాదు. కొన్నేళ్ళ కిందట గుడిలో కంటి శిబిరం పెట్టినప్పుడు నీటికాసులన్నారు, అదే గ్లాకోమా. రోజూ చుక్కలు వేసుకోవాలి, నెల నెలా వచ్చి చూపించుకోవాలి, అశ్రద్ధ చేస్తే చూపు పోతుందన్నారు. రెండు నెలలు వెళ్ళింది. మూడో నెల "ఎక్కడికి తెరేసమ్మా, నెల నెలా సెలవు?" అని హనుమయ్యగారు ఊరికే అడిగారు. ఆయన అడిగింది ఊరికే. ఈవిడకి గుండెల్లో రాయి పడింది. కళ్ళు పోతున్న టైపిస్టుని ఏ షాపువాడు ఉంచుకుంటాడు? అంతే, ఆస్పత్రి మానేసింది. చుక్కలూ మానేసింది. "ఏముందిలే, వయసుకి వచ్చే మసక" అని తనకి తనే చెప్పుకుంది. చీకటి పక్కల నుంచి మూసుకుంటూ వచ్చింది. ఇప్పుడు స్క్రీను మీద వరసలున్నాయని తెలుస్తుంది, ఆ వరసల్లో ఏముందో తెలియదు. అప్పుడు పుట్టిందే ఆ పైకి చదివించే పద్ధతి. రోడ్డు మీద ఎవరినైనా గుద్దుకుంటే "కళ్ళు నెత్తిమీద పెట్టుకు నడుస్తున్నారా?" అని ముందు తనే తగులుకునేది. ఎదుటివాళ్ళే సారీ చెప్పి తప్పుకునేవాళ్ళు.

ఇంత గుట్టూ ఆ పాత కీబోర్డు దయ. ఆ పాత రకం బోర్డుల్లో రెండు నడిమివేళ్ళ కిందా రెండు బటన్ల మీద చిన్న గింజల్లాంటి ఉబ్బులుంటాయి. వేళ్ళు అక్కడ ఆనితే చాలు, మిగతా అక్షరాలన్నీ వాటంతటవే దొరుకుతాయి. అరుదుగా వాడే వత్తుల బటన్లకి మాత్రం ఆవిడే సూది కాల్చి అంచున చుక్కలు పెట్టుకుంది. అందుకే ఆ కీబోర్డుని జరిపితే అంత కోపం. అది జరిగితే లోకమే జరిగినట్టు.

మొన్న దసరాకి దానికే గండం వచ్చింది.

ఆయుధపూజకి షాపులో కంప్యూటర్లన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండలు మామూలే. ఏటా హనుమయ్యగారు గడప దగ్గర కొబ్బరికాయ కొట్టి, లోపల మిషన్లకి దూరం నుంచే హారతి చూపించేవారు. తెరేసమ్మ ఆ రోజు రాదు, మర్నాడొచ్చి పులిహోర తింటుంది. "ప్రసాదం తినవుగా, పులిహోర ఎట్టా తింటున్నావు?" అని ఆయన వేళాకోళం చేస్తే, "మీరు పెడితే ప్రసాదం, నేను తింటే పులిహోర" అనేది. ఈసారి ఆయనకి మోకాళ్ళు పట్టేసి కోడలు రుచిత చేతికి పూజ అప్పగించారు. షాపు చూసుకోవడం మొదలుపెట్టి ఆర్నెల్లయింది రుచిత. చురుకైన పిల్ల, భక్తి కూడా బాగానే ఉంది. గడప దగ్గర కొట్టి ఊరుకోకుండా, అన్నిటికన్నా పెద్దది, షాపుకి అన్నం పెట్టినది అని, తెరేసమ్మ బల్ల మీదే, ఆ కీబోర్డు ముందే, ఒక ప్రత్యేకమైన కొబ్బరికాయ కొట్టింది. గౌరవం కొద్దీ కొట్టింది మహాతల్లి! కాయ లేతది. సగం నీళ్ళు పళ్ళెంలో పడ్డాయి, సగం కీబోర్డులో పడ్డాయి. గంధం బొట్టు కదా పెట్టామని గబగబా తుడవలేదు కూడా. పైగా దండ వేసి తాళం వేసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు తెరేసమ్మ వచ్చి వేళ్ళు ఆనించేసరికి జిగట. ఒక బటను నొక్కితే లేవదు, ఒకటి నొక్కకుండానే పడుతోంది. "ఎవరు చేశారిది?" అంది. గొంతు పెంచలేదు. ఆ గొంతు పెంచకపోవడం చూసే రుచిత తనంతట తనే ముందుకొచ్చింది.

"నేనే ఆంటీ. మీ బోర్డుకి స్పెషల్‌గా కొట్టానండీ…"

"కొట్టావు తల్లీ. బాగా కొట్టావు."

రుచితకి ఏడుపొక్కటే తక్కువ. తమ్ముడు జయంత్‌ని పిలిపించింది. అతనికి పటమటలో షాపుంది. ఆటలాడే కుర్రకారుకి కంప్యూటర్లు, లైట్లు వెలిగే కీబోర్డులు తయారుచేసి ఇస్తాడు. కీబోర్డు విప్పి లోపల చూసి పెదవి విరిచాడు. స్విచ్చులన్నీ పట్టేశాయి. కింద బోర్డు మీద రాగి గీతలకి పచ్చగా చిలుము పట్టేసింది. "ఇది అయిపోయిందక్కా. పైన బటన్లు, మేం కీక్యాపులంటాం, అవి మాత్రం అద్భుతంగా ఉన్నాయి, ఇప్పుడిలాంటివి ఎవరూ చెయ్యరు. మంచి మెకానికల్ కీబోర్డు కొత్తది తెస్తాను" అన్నాడు.

"కొత్త దాని మీద నా బటన్లు పెట్టు" అంది తెరేసమ్మ.

"పట్టవాంటీ." ఒక పాత బటను ఊడబీకి తిరగేసి ఆవిడ వేలికి తాకించాడు. "చూశారా, కింద పలకలాంటి నాలుక ఉంది. ఇది పాత స్విచ్చు నెత్తిన సందులో దూరేది. కొత్త స్విచ్చులకి సందు ఉండదు. వాటి నెత్తినే ప్లస్ గుర్తులాగా చీల ఉంటుంది. ఇదిగో." ఇంకో స్విచ్చు ఆవిడ అరచేతిలో పెట్టాడు. "ఇద్దరూ పెళ్ళికొడుకులే. పెళ్ళెట్టా చేస్తాం?"

తెరేసమ్మ బొటనవేలితో తడిమింది. "ప్లస్సేంటి, సిలువ ఇది. క్రైస్తవురాలిని నేనైతే, నా బటన్లు సిలువెక్కనంటున్నాయా?" అంది. జయంత్ పకపకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "ఎలాగో ఒకలాగ పెట్టు నాయనా. నీకు పుణ్యముంటుంది" అన్న గొంతులో బతిమాలడం ఉంది. అది విని రుచిత తలెత్తి చూసింది. ఆవిడ ఎవర్నీ బతిమాలే మనిషి కాదు.

జయంత్ ఆలోచించాడు. కింద సిలువ దూరే బెజ్జం, పైన నాలుక దూరే సందు ఉండే చిన్న ముక్క ఒకటి మధ్యలో పెడితే కుదరొచ్చు. తన దగ్గర ప్లాస్టిక్ వస్తువులు పొర మీద పొర పోసి తయారుచేసే త్రీడీ ప్రింటరుంది. కొలతలు తీసి చేసి చూస్తానన్నాడు. బటన్లన్నీ ఊడదీశాడు. కొబ్బరినీళ్ళ జిగట వదలడానికి తెరేసమ్మే వాటిని ఇంటికి పట్టుకెళ్ళి, కుంకుడు రసంలో నానబెట్టి, తలంటు పోసినట్టు కడిగి, టిఫిన్ డబ్బాలో పోసి అతనికి అప్పగించింది. ఈలోగా పని ఆగకూడదని జయంత్ కొత్త బోర్డు ఒకటి ఆవిడ బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

కొత్త బోర్డు మీద వేళ్ళు పెట్టి తడుముకుంటే గింజలు తగిలాయి. హమ్మయ్య అనుకుంది. నడిమివేళ్ళు వాటి మీద ఆనించింది. చేతులు కాస్త దగ్గరగా వచ్చినట్టనిపించింది. "ఈ కాలం సరుకంతా ఇరుకే" అనుకుందే తప్ప, ఇంకోలా ఆలోచించలేదు. కొత్త కీబోర్డుల్లో ఆ గింజలు ఉండేది చూపుడువేళ్ళకని ఆవిడకి ఎవరు చెబుతారు? చూపున్నవాళ్ళకి అది పట్టించుకోవాల్సిన సంగతే కాదు.

సోమవారం పొద్దున్నే రామకోటేశ్వరరావు అనే ఆయన వచ్చాడు. అవనిగడ్డ వైపు ధాన్యం వ్యాపారం. తల్లి పోయింది. గడ్డం మాసి ఉంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "మా నాన్నగారి కార్డు కూడా మీరే కొట్టారమ్మా. అమ్మదీ మీ చేత్తోనే కావాలని వచ్చాను" అన్నాడు. శ్రీదుర్గ పండగకి వెళ్ళి ఇంకా రాలేదు. తెరేసమ్మ స్టూలు చూపించి, "చదవండి బాబూ" అంది.

ఆయన చదివాడు. "మా మాతృమూర్తి శ్రీమతి కనకలక్ష్మిగారు…" అని ఆగాడు. కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కాడు. తెరేసమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆయన తేరుకునేదాకా ఊరుకుంది. అదీ ఆవిడ పద్ధతే. మళ్ళీ మొదలుపెట్టాడు. శివైక్యం చెందిన సంగతి, పెద్దకర్మ రోజు, భోజనాలు, ఇట్లు అని బంధుమిత్రుల పేర్లు. ఆవిడ వేళ్ళు టకటకా పరుగెత్తాయి. మొత్తం అయిపోయింది. ఆయన కళ్ళు తుడుచుకుని తలెత్తి స్క్రీను చూశాడు.

"ఇదేంటమ్మా?"

"ఏంటండీ?"

"అంతా పిచ్చి అక్షరాలున్నాయి. మా అమ్మ పేరేదీ?"

తెరేసమ్మ ఠకీమని అలవాటు ప్రకారం అనేసింది. "మీరు సరిగ్గా చదివితే కదా! ఏడుస్తూ చదివితే ఏం పడుతుంది?"

అనేశాక నాలిక్కరుచుకుంది. ఆయన గొడవపడలేదు. తల్లి పోయిన మనిషి, "నేను సరిగ్గానే చదివానమ్మా" అని మెల్లగా అన్నాడు. ఆవిడ ముందుకి వంగి స్క్రీనుకి మొహం ఆనించినంత పని చేసింది. బూడిద రంగు వరసలు. వాటిలో ఏముందో ఏ దేవుడికి తెలుసు!

రుచిత పక్క బల్ల దగ్గరనుంచి లేచి వచ్చింది. చూసింది. ఒక్క మాట కూడా మాటలా లేదు. వత్తుల మీద వత్తులు, దీర్ఘాలకి దీర్ఘాలు. ఇంత చెత్త పడుతుంటే, పేజీ నిండా పడుతుంటే, కొట్టే మనిషి ఒక్కసారైనా ఆగలేదు. "కొత్త కీబోర్డు సెట్టింగు కుదరలేదండీ, మా తప్పే. ఎల్లుండి రండి, దగ్గరుండి చేయించి ఇస్తాం" అని ఆయనకి దణ్ణం పెట్టి పంపింది. ఆయన మెట్లు దిగేదాకా ఆగి, స్టూలు మీద తనే కూర్చుంది.

"ఆంటీ, స్క్రీను మీద ఏముందో చెప్పండి."

తెరేసమ్మ మొహం స్క్రీను మీద నుంచి తిప్పేసుకుంది.

"పోనీ, నేను ఏ రంగు చీర కట్టుకున్నానో చెప్పండి."

తేలు కుట్టిన దొంగలా ఎన్నేళ్ళు నోరు నొక్కుకుందో ఆ మనిషి. అంతా ఒక్కసారి బయటకొచ్చింది. శిబిరం, చుక్కలు, సెలవు, సూదితో కాల్చిన చుక్కలు, రోడ్డు మీద జనాన్ని తిట్టడం, అన్నీ చెప్పేసింది. చివరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇంత బతుకూ బతికి ఇంటి వెనకాల చచ్చినట్టయింది నాది. అమ్మ పోయినవాణ్ణి పట్టుకుని కసిరాను చూడు, అందుకు నన్ను క్షమించాలి దేవుడు. రేపట్నుంచి రానులే అమ్మాయ్. జెస్సికా దగ్గరకి పోతాను" అంది. రుచిత ఆ చేతులు పట్టుకుని కూర్చుంది. తన కొబ్బరికాయ ఎంత పని చేసిందో అప్పుడుగానీ ఆ పిల్లకి పూర్తిగా అర్థం కాలేదు.

కోడలు ఫోన్లో చెప్పింది విని ఆ సాయంత్రమే హనుమయ్యగారు, మోకాళ్ళ నొప్పులతో, ఆటో చేయించుకుని షాపుకి వచ్చారు. మెట్లెక్కుతూనే అరుపులు.

"చెబితే తీసేస్తాననుకున్నావా తెరేసమ్మా?"

"అనుకున్నానండీ."

"ఆఁ! అనుకుంటావు! నన్నింతేనా నువ్వు తెలుసుకుంది?" అని కర్ర నేలకేసి కొట్టారు. కూర్చున్నారు. కాసేపు రొప్పారు. తర్వాత గొంతు తగ్గింది. "ఏమో. అప్పట్లో అయితే తీసేసేవాణ్ణేమో కూడా. ఇప్పుడు గొప్పలు చెప్పుకోవడమెందుకు? కానీ చుక్కలు మానేశావు చూడు, అది నీకు నువ్వే చేసుకున్నావు. రోజూ చుక్క వేసుకుని ఉంటే ఆ కళ్ళు ఈపాటికి నీ దగ్గరే ఉండేవి కదమ్మా! పని పోతుందని కళ్ళు పోగొట్టుకున్నావు. ఆ కళ్ళు లేకుండా ఈ పని ఎన్నాళ్ళు చేద్దామనుకున్నావు?"

ఇన్నాళ్ళూ దాచడమే తెలివనుకుంది తెరేసమ్మ. దాచినకొద్దీ పోయింది తన చూపే. అది అప్పటిదాకా ఆవిడకి తట్టలేదు. తట్టాక, ఏడవలేదు. "తీసుకెళ్ళండి, ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వస్తాను" అంది. "ముందు ఆస్పత్రికి, ఆ తర్వాత నీ కుర్చీకి" అన్నారు హనుమయ్యగారు.

మంగళవారం రుచితే తీసుకెళ్ళింది. పెద్ద కంటాస్పత్రి. లేడీ డాక్టరు అరగంట చూసి, దాపరికం లేకుండా చెప్పింది. పోయిన చూపు ఇక రాదు. మిగిలింది నిలబెట్టుకోవచ్చు, చుక్కలు ఒక్క పూట కూడా మానకపోతే. "ఇప్పుడైనా వచ్చారు. ఇంకో ఏడాదైతే నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు" అంది. దారిలో ఆటోలో తెరేసమ్మ చుక్కల సీసాని పిడికిట్లో పట్టుకునే కూర్చుంది. జెస్సికాకి ఫోన్ చేసి తనే చెప్పింది. అవతల కూతురు ఏడుస్తుంటే, "ఊరుకోవే, ఇంకా బతికే ఉన్నాను" అని కసిరింది.

అటునుంచి అటే పటమటలో జయంత్ షాపుకి. అక్కడ వేరే కథ. మొదటి విడత ముక్కలు వదులుగా వచ్చాయి, బటను పెడితే పళ్ళూడిన ముసలమ్మలా ఊగింది. రెండో విడత మరీ బిగుతుగా వచ్చాయి. అవి ఎక్కించబోయి కుడి నడిమివేలి బటనుకి, ఆ గింజ ఉన్నదానికే, నాలుక పుటుక్కున విరగ్గొట్టాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. చెప్పకుండా వేరేది పెట్టేద్దామా అనుకున్నాడట కాసేపు. కానీ ఆవిడ ఎదురుగా కూర్చుని ఉంది. "ఆంటీ, ముఖ్యమైనదే విరిగింది" అన్నాడు.

తెరేసమ్మ చెయ్యి చాపింది. విరిగిన బటను వేళ్ళ మధ్య తిప్పింది. ఆ గింజ ఇంకా ఉంది, కింద నాలుకే లేదు. "పైన మొహం ఉందిగా. కింద కాలు విరిగితే కాలు కట్టు. మనుషులకి కట్టట్లా?" అంది. జయంత్ తను చేసిన ముక్క ఒకదాన్ని ఆ బటను లోపల జిగురుతో శాశ్వతంగా అతికించేశాడు. మూడో విడత ముక్కలు సరిగ్గా పట్టాయి. స్పేస్ బారు మాత్రం కుదరలేదు. దాని కాళ్ళు ఉండేచోటు వేరు, కొత్త బోర్డులో ఆ చోట ఏమీ లేదు. కొత్తదే ఉంచాడు. నెయ్యి రంగు బటన్ల కింద నల్లటి పొడుగాటి పట్టీ, తెల్ల లుంగీకి నల్ల అంచులాగా. చప్పుడు కూడా మారింది. టకటక పోయి తపతప వచ్చింది. తెరేసమ్మ నడిమివేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని, నాలుగు అక్షరాలు కొట్టి చూసుకుంది. "చప్పుడు బాలేదు. చోటు సరిగ్గానే ఉంది" అంది చివరికి. జయంత్ ఊపిరి వదిలాడు.

బుధవారం రామకోటేశ్వరరావు వచ్చాడు. ఎక్కడైనా కొట్టించుకోవచ్చు, అయినా వచ్చాడు. స్టూలు మీద కూర్చుని కాగితం తీశాడు. తెరేసమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు నా మాట వినండి బాబూ. మొన్న తప్పు మీది కాదు, నాదే. మిమ్మల్ని కసరడం ఇంకా పెద్ద తప్పు. నాకు కళ్ళు సరిగ్గా కనపడవండీ. స్క్రీను మీద ఏం పడిందో నాకు తెలీదు. వింటే మాత్రం కొట్టగలను. మీకు ఇష్టమైతే చదవండి, లేదంటే పక్క షాపులో మంచి కుర్రాడున్నాడు, నేనే చెబుతాను."

ఎన్నేళ్ళుగానో ఏ మాట నోట రాకూడదని ఆవిడ ఒళ్ళంతా కళ్ళు చేసుకుని కాపలా కాసిందో, ఆ మాట ఇదే. అది ముందు గదిలో, నలుగురు గిరాకీలు నిలబడి ఉండగా, గట్టిగానే వచ్చింది. రుచిత బల్ల దగ్గర చెయ్యి ఆపేసింది. గోడవారగా కూర్చున్న హనుమయ్యగారు కర్ర మీద గడ్డం ఆనించుకుని చూస్తున్నారు.

రామకోటేశ్వరరావు స్టూలు ఇంకొంచెం దగ్గరకి జరుపుకున్నాడు. కాగితం విప్పి, ఒక్కొక్క మాటా విడగొట్టి, గదంతా దద్దరిల్లేలా అరిచాడు. "మా! మాతృమూర్తి! శ్రీమతి!"

"బాబూ, బాబూ," అంది తెరేసమ్మ, "కనపడదన్నాను గానీ, వినపడదన్లేదండీ."

తల్లి పోయిన దగ్గర్నుంచి నవ్వెరగని మనిషి ఆయన. ఒక్కసారి నవ్వు తన్నుకొచ్చింది, దాంతో పాటే ఏడుపూ వచ్చింది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంది. తేరుకుని మామూలు గొంతుతో చదివాడు. "మా మాతృమూర్తి శ్రీమతి కనకలక్ష్మిగారు…" తపతపమని వేళ్ళు కదిలాయి. ఒక్క వాక్యమే అయింది. తెరేసమ్మ ఆగింది. స్క్రీను వైపు వంగలేదు. ఆయన వైపే తిరిగింది.

"చూసి చెప్పండి బాబూ. అమ్మగారి పేరు సరిగ్గా పడిందా?"

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు.

"పడిందమ్మా. సరిగ్గా ఉంది."

"అయితే కానివ్వండి" అంది తెరేసమ్మ.